సాహసికుని బిడ్డ చెప్పిన మాట

ప్రాణమును పణముగా నొడ్డి పొట్టపోసికొను తండ్రి గడప దాఁటునపుడు బిడ్డతో నాడిన మాటయే కడపటిది కావచ్చును. అట్టి యిండ్లలో దినదినమును గండమే.

అమెరికాలో ఈవెల్ కనీవెల్ అను మోటారు సైకిలు సాహసికుఁ డుండెను. 1967 డిసెంబరు 31వ తేదీన లాస్ వేగాస్ నగరమున సీజర్స్ ప్యాలెస్ హోటలు ముంగిటి ఫౌంటెనులను దుమికి దాఁటఁబోయి పడిపోయి, కటియెముకను తొడయెముకను విఱుగఁగొట్టుకొనెను. నాఁటికి కుమారుఁడు రాబీ యైదేండ్లవాఁడు. పెద్దవాఁడై తండ్రి వృత్తినే చేపట్టెను. 1989 ఏప్రిల్ 14వ తేదీన, తండ్రి చూచుచుండఁగా, ఆ ఫౌంటెనులనే క్షేమముగా దాఁటి, "నాయనా, ఇది నీ కొఱకే" యనెను.

2007 నవంబరు 30వ తేదీన ఈవెల్ తన 69వ యేట మరణించెను. ప్రాణము తీసినది మోటారు సైకిలు గాదు, ఊపిరితిత్తుల వ్యాధి. కుమారుఁడు చెప్పవలసిన ముఖ్యమైన మాట యప్పటికి 18 సంవత్సరములకు పూర్వమే తండ్రి చెవిఁ బడియుండెను.

కడపటి గడియ యెవరి చేతిలోను లేదు. మాటాడుటకు వ్యవధి యిచ్చునను నమ్మకమును లేదు. పయనమగు తండ్రిని వెనుకనుండి పిలువరాదని మనము పిల్లల నోరు మూయుదుము. ఆ యాచారమును విడువుమని మేము చెప్పము. తండ్రి లేచిన వేళనే, చెప్పులు తొడుగుకొనక మునుపే, బిడ్డ నాతని యొద్దకుఁ బంపి మనసులోని మాటను చెప్పనిండని మాత్రము వేడుచున్నాము.