నాలుగు మాటలు నేర్చితే లావోస్‌లో నలుగురూ ఆప్తులే!

(మా విలేఖరి)

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. విహారయాత్రకు లావోస్ వెళ్లేవారికి ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. రాజధాని వియంటియాన్‌లోను, లువాంగ్ ప్రబాంగ్ పట్టణంలోను హోటళ్లవారితో ఇంగ్లీషు సరిపోవచ్చు. సంతలో కూరగాయలమ్మే ముసలమ్మతో, పల్లెలో దారి చెప్పే రైతుతో మాత్రం లావో మాటే పలకాలి.

ముందుగా నేర్వవలసినది "సబాయ్ దీ". మన నమస్కారం వలెనే రెండు చేతులూ జోడించి ఈ మాట అంటారు. కృతజ్ఞత తెలుపడానికి "ఖోప్ చాయ్", ఫరవాలేదనడానికి "బో పెన్ న్యాంగ్". "కిన్ ఖావ్ లేవ్ బో?" అని ఎవరైనా అడిగితే తెల్లబోనక్కరలేదు. అన్నం తిన్నారా అని అర్థం. మన పల్లెల్లో ఎదురైన వారిని "భోజనమైందా?" అని పలకరించినట్లే వారికీ అది కుశలప్రశ్న.

వరసలు కలిపే పిలుపు

లావోస్‌లో కూడా బయటివారిని వరస పెట్టి పిలవడం ఆచారం. వయసులో పెద్దవాడైతే "ఆయ్" అంటే అన్న, చిన్నవారైతే "నోంగ్". తల్లి వయసు స్త్రీని "మే" అనీ, తండ్రి వయసు వారిని "ఫో" అనీ పిలవవచ్చు. బేరానికి ముందు ఈ పిలుపు వస్తే అమ్మే వారి ముఖంలో నవ్వు కనిపిస్తుంది. ధర అడగడానికి "థావ్ దాయ్?" అనాలి. కిప్ నోట్లు వేలల్లో ఉంటాయి గనుక అంకెలతో పాటు వెయ్యికి "ఫన్" అని కూడా తెలిసి ఉండాలి. "సిప్ ఫన్" అంటే పదివేలు, "సావ్ ఫన్" అంటే ఇరవైవేలు.

చిక్కంతా స్వరంతోనే. "మా" అనే ఒక్క అక్షరమే స్వరం మారితే రమ్మనడం, గుర్రం, కుక్క అని మూడు అర్థాలిస్తుంది. అందుచేత పుస్తకంలో చదివి ఊరుకోక, వారి నోట విని పలకడం మేలు.

మనకు తెలిసిన మాటలే

తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. సంస్కృత, పాళీ పదాలు లావోలో కోకొల్లలు. భాషను "ఫాసా" అనీ, దేశాన్ని "పథేత్" అనీ, ఆహారాన్ని "ఆహాన్" అనీ, గురువును "ఖూ" అనీ అంటారు. వారాలు సైతం ఆదిత్యుడి పేర "ఆథిత్", చంద్రుడి పేర "చన్", అంగారకుడి పేర "అంగ్‌ఖాన్", బుధుడి పేర "ఫుత్", శుక్రుడి పేర "సుక్". వారి రామాయణం పేరు "ఫ్రలక్ ఫ్రలామ్", అంటే లక్ష్మణుడు, రాముడు. లిపికి కూడా మన లిపికి వలెనే మూలం బ్రాహ్మి.

ప్రాణం కాపాడే మాట

సరదా మాటలతో పాటు తప్పక తెలియవలసిన మాట ఒకటున్నది. 1964 నుండి 1973 వరకు అమెరికా విమానాలు ఈ దేశంపై 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. వాటిలో పేలకుండా మిగిలిన చిన్న బాంబులు ఇప్పటికీ పొలాల్లో, అడవుల్లో పడి ఉన్నాయి. పల్లె ప్రజలు వాటిని "బోంబీ" అంటారు. రాతి జాడీల మైదానంగా పేరొందిన షియెంగ్ ఖువాంగ్ ప్రాంతంలో బాంబులు ఏరివేసిన మేర తెలుపు, ఏరివేయని వైపు ఎరుపు గుర్తులు నేలలో పాతి ఉంటాయి.

అక్కడ ఎవరైనా చేయి అడ్డుపెట్టి "అంతలాయ్" అంటే ఆ అడుగు అక్కడే ఆపాలి. ప్రమాదమని దాని అర్థం. మనం వాడే "అంతరాయం" అన్న మాటే అది. "పాయ్ బో దాయ్" అంటే వెళ్లరాదని. ఈ రెండూ తెలియక నవ్వుతూ ముందుకు సాగితే జరిగే నష్టం బేరంలో పోయే డబ్బు వంటిది కాదు.

ప్రయాణానికి ముందు రోజుకు నాలుగేసి మాటలు వల్లె వేసుకుంటే చాలు. ఉచ్చారణ తప్పితే అక్కడివారే నవ్వుతూ దిద్దుతారు. అప్పుడు "ఖోప్ చాయ్" అనడం మరువకూడదు.