‘యరు’ : ఒక జపాను క్రియ

చందానగర్ నుండి హైటెక్ సిటీ ఎంతో దూరము లేదు. 1998లో అచట సైబర్ టవర్స్ వెలసిన పిదప ఈ ప్రాంతమువారికి పరభాషలతో పని హెచ్చినది. జపాను భాష నేర్వగోరువారును మనలో కలరు. నగరములోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున దానిని బోధించుచున్నారు.

మనకువలెనే జపానువారికిని క్రియ వాక్యము చివర వచ్చును. కనుక వాక్యపు కూర్పు తెలుగువారికి కొత్త కాదు. చిక్కంతయు మర్యాదలో ఉన్నది. ‘యరు’ అను చిన్న క్రియను చూతము.

‘చేయు’ అనుటకు ‘సురు’ అనునది సర్వసాధారణమైన క్రియ. స్నేహితుల నడుమ, ఇంటిలో, ‘యరు’ అందురు. బడి పాఠము వ్రాయుట, టెన్నిసు ఆడుట, వ్యాపారము నడుపుట, అన్నింటికిని ఇది చెల్లును. అంగడి గుమ్మమున నిలిచి ‘యత్తె ఇమాసు కా’ అనిన, ‘తెరచియున్నారా?’ అని అర్థము. పరీక్ష గట్టెక్కిన పిల్లవాడు ‘యత్తా!’ అని గంతులు వేయును. అది ఈ క్రియకు భూతకాల రూపమే. అయినను ‘సురు’ ఉన్న ప్రతి చోటను దీనిని నిలుపరాదు. శబ్దము వినవచ్చినది, వాసన వచ్చినది అనుటకు ‘సురు’ మాత్రమే తగును.

దీనికి ‘ఇచ్చు’ అను అర్థమును కలదు. ‘హన ని మిజు ఓ యరు’ అనగా పూలమొక్కకు నీరు పోయుట. కుక్కకు తిండి పెట్టుటకును ఇదే మాట. ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద అను భావము ఇందులో ఇమిడియున్నది. మనము పశువుకు మేత వేయుదుము. అతిథికి అన్నము వడ్డింతుము. అతిథికి ‘మేత వేసితిమి’ అన్నచో ఎట్లుండును? గురువుగారికి పుస్తకము ‘యరు’ చేసితిననుటయు అట్టిదే. అచట ‘సషిఅగెరు’ అనవలెను. సాటివారికి ‘అగెరు’ చాలును. నేడు పలువురు మొక్కలకు, పెంపుడు జంతువులకు సైతము ‘అగెరు’ అనియే వాడుచున్నారు.

మరియొక క్రియకు తోడైనపుడును ఈ భేదము పోదు. ‘ఒషియెతె యరు’ అనగా ‘నేర్పిపెట్టెదను’. తమ్మునితో అనిన వాత్సల్యము. పై అధికారితో అనిన అహంకారము. మోటు అర్థములును దీనికి కలవు.

సినిమాలు చూచి మాటలు పట్టుకొను మన యువకులు ఈ సంగతి గమనింపవలెను. కొత్తవారి యెదుట, కార్యాలయమున ‘షిమాసు’ అనుట క్షేమము; అది ‘సురు’కు మర్యాద రూపము. చనువు కుదిరిన పిదప ‘యరు’ తనంతట తానే నోటికి వచ్చును.