ఫిల్మ్‌సిటీకి వెళితే గది ఎక్కడ తీసుకోవాలి?

మా సోలాపూర్ తెలుగువాళ్ల ఇళ్లలో వేసవి సెలవుల మాట వస్తే హైదరాబాదు పేరు రాక తప్పదు. పెళ్లికి పోయినవాళ్లు కూడా ఒకరోజు మిగుల్చుకుని రామోజీ ఫిల్మ్‌సిటీ చూసి వస్తారు. వచ్చాక అందరూ చెప్పేది ఒకటే: ‘‘లోపలి హోటల్లో దిగొద్దు, బయటే చవక.’’ నేనూ ఆ మాట నమ్మినవాణ్ణే.

మొదటిసారి అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలతో వెళ్లి ఊళ్లో ఒక లాడ్జిలో దిగాం. అద్దె చవకే. కానీ వేడినీళ్లు వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. అక్కణ్ణించి విజయవాడ రహదారి మీద దాదాపు 30 కిలోమీటర్లు పోవాలి. టాక్సీ కుదుర్చుకుని చేరేసరికి పదకొండు దాటింది. 1996లో మొదలైన ఆ ప్రాంగణం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. బస్సుల్లో తిప్పుతారు గానీ ఎక్కడం, దిగడం, నడవడం తప్పవు. మధ్యాహ్నం రెండింటికి అమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది. ‘‘మీరు చూసి రాండ్రి, నేను ఈడనే ఉంట కొడుకా’’ అంది. నా భార్య ఆమెకు తోడుండిపోయింది. ఐదుగురికి టిక్కెట్లు కొని పూర్తిగా చూసింది ముగ్గురం. ఈ నష్టం ఏ లాడ్జి బిల్లులోనూ కనబడదు.

మళ్లీ వెళదామని అమ్మే అడిగింది, సగమే చూశానని. ఈసారి లోపలి హోటళ్ల సంగతి విచారించాను. సితార, తార అని ఉన్నాయి. సితార ఖరీదైనది, తార కాస్త అందుబాటులో ఉండేది. ముందురోజు రాత్రికే తార తీసుకుందామనుకుంటుంటే నా భార్య అడిగింది: ‘‘గది మనకు కావాల్సింది రాత్రికా, మధ్యాహ్నానికా?’’

అసలు కిటుకు అక్కడే ఉంది. సాధారణంగా హోటళ్లలో గది మధ్యాహ్నానికి ఇస్తారు, మర్నాడు పొద్దున ఖాళీ చేయమంటారు. ముందురాత్రి దిగితే, చూసే రోజు నడివేళకు మనకు గదే ఉండదు. అందుకని చూసే రోజు రాత్రికే తీసుకున్నాం. పొద్దున సామాను అక్కడ పెట్టి తిరగడానికి పోయాం. గది ఎన్నింటికి ఇస్తారో, బసతో పాటు ప్రవేశం, భోజనాలు కలిసే ఉన్నాయో లేదో ముందే ఫోనులో అడిగాం. ఇవి అడగకుండా రెండు అద్దెలు పక్కపక్కన పెట్టి చూడడం దండగ. బయటి గది 4,000 తక్కువనుకోండి. రానుపోను టాక్సీ, ఐదుగురి భోజనాలు, పోయిన రెండు గంటలు కలిపితే ఆ తేడాలో ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి.

పన్ను లెక్క కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్‌టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,500 గదికి చివరికి కట్టేది 7,875. అదే గది 7,600 అయితే 8,968! వంద రూపాయలకు వెయ్యి పైన తేడా.

అందరికీ లోపలి గదే మేలని నేననను. కుర్రకారైతే బయటే నయం. చార్మినారు, గోల్కొండ కూడా చూసేవాళ్లు ఎల్బీనగర్ వైపు దిగితే 2018 నుంచి మెట్రో ఉంది, ఫిల్మ్‌సిటీకి దూరమూ తగ్గుతుంది. బెంగళూరువాళ్లు బిడది వండర్‌లాకు ఇంటినుంచే పోయి రావచ్చు, పక్కన రిసార్టు ఉంది కదా అని దిగనక్కర్లేదు. ఇక హైదరాబాదులో బంధువుల ఇల్లుంటే అద్దె సున్నా. కాకపోతే టిఫిన్లు, పలకరింపులు అయి బయటపడేసరికి ఎంతవుతుందో మీకు తెలియనిది కాదు.

ఆ రోజు అమ్మ రెండు గంటలు నడుం వాల్చి, ముఖం కడుక్కుని, చీర మార్చుకుని నాలుగింటికి మాతో బయటికొచ్చింది. సినిమాల కోసం కట్టిన రైల్వేస్టేషను దగ్గర ఆగి, పట్టాల వంక అటూ ఇటూ చూసి అడిగింది: ‘‘మన సోలాపూర్ బండి ఎన్ని గంటలకు కొడుకా?’’