జాతీయ జెండాను తగలబెట్టడం భావప్రకటనా స్వేచ్ఛేనా? నల్లజెండా పట్టుకున్నా కేసేనా? చట్టం ఏం చెబుతోందంటే..

పంద్రాగస్టు, రిపబ్లిక్ డే వస్తున్నాయంటే చాలు.. ఏళ్ల తరబడి అరకులోయ, పాడేరు ఏజెన్సీలో టెన్షన్ వాతావరణమే. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో మావోయిస్టులు ఈ వేడుకలను బహిష్కరించాలని పిలుపునిచ్చేవారు. మారుమూల పల్లెల్లో నల్లజెండాలు ఎగరేసేవారు. మధ్యలో నలిగింది గిరిజనులే. జెండా వందనానికి వెళితే అన్నలకు కోపం, వెళ్లకపోతే పోలీసులకు అనుమానం! మరి జెండా విషయంలో ఏది నేరం? ఏది నిరసన? ఓసారి చూద్దాం.

తగలబెడితే మూడేళ్ల జైలు

మన దేశంలో దీనికి సమాధానం సూటిగానే ఉంది. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం-1971 ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో గానీ, జనానికి కనిపించే చోట గానీ జాతీయ జెండాను కాల్చడం, చించడం, తొక్కడం నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండోసారి దోషిగా తేలితే కనీసం ఏడాది జైలు తప్పదు. రాజ్యాంగ ప్రతిని తగలబెట్టినా ఇదే సెక్షన్.

కానీ ఇదే చట్టంలో చాలామందికి తెలియని మాట ఒకటుంది. రాజ్యాంగాన్ని, జెండాను చట్టబద్ధంగా మార్చాలని కోరుతూ విమర్శిస్తే అది నేరం కాదు. అంటే శిక్ష అవమానానికే, అభిప్రాయానికి కాదు.

ఇంకో విశేషం కూడా ఉంది. చిరిగిపోయిన, పాడైపోయిన జెండాను ఏం చేయాలి? ఎవరి కంటా పడకుండా, గౌరవంగా, వీలైతే కాల్చేయమని ఫ్లాగ్ కోడ్-2002 చెబుతోంది! మంట ఒకటే. నలుగురిలో అవమానిస్తూ పెడితే నేరం, చాటుగా గౌరవంతో పెడితే మర్యాద.

అమెరికాలో సీన్ రివర్స్

1984లో డల్లాస్‌లో గ్రెగరీ లీ జాన్సన్ అనే నిరసనకారుడు అమెరికా జెండాను తగలబెట్టాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది రాజకీయ భావప్రకటనే అని 1989లో 5-4 మెజారిటీతో కోర్టు తేల్చింది. వెంటనే అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం తెస్తే 1990లో దాన్నీ కొట్టేసింది. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ జెండా దహనాలపై కేసులు పెట్టాలంటూ ఉత్తర్వు ఇచ్చినా, ఆ తీర్పులు రద్దు కాలేదు. అలాగని ప్రజాస్వామ్య దేశాలన్నీ అమెరికా దారిలో లేవు. జర్మనీలోనూ జాతీయ జెండాను అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

మన దగ్గర రెండు వాదనలు

స్వేచ్ఛ వైపు నిలబడేవారు ఆర్టికల్ 19(2)ని చూపిస్తారు. భావప్రకటనను ఏ కారణాలతో పరిమితం చేయొచ్చో అందులో జాబితా ఉంది. దేశ సమగ్రత, శాంతిభద్రతల్లాంటివి ఉన్నాయి గానీ, జెండా గౌరవం అని విడిగా లేదు. పైగా మన జెండా పుట్టిందే నిరసనలో. 1921లో విజయవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. 1923లో నాగ్‌పూర్‌లో జెండా పట్టుకుని ఊరేగినందుకే సత్యాగ్రహులను బ్రిటిష్ ప్రభుత్వం జైళ్లలో పెట్టింది.

అవతలి వాదన కూడా బలమైనదే. ఇన్ని భాషలు, మతాలు ఉన్న దేశంలో అందరినీ కలిపే గుర్తు అదొక్కటే. నడిబజార్లో దాన్ని తగలబెడితే గొడవలు రేగే ప్రమాదముంది. తిట్టడానికి, రాయడానికి, ధర్నా చేయడానికి ఇన్ని దారులుండగా ఆ ఒక్కటి మూసేస్తే గొంతు నొక్కినట్టు కాదంటారు.

మరి నల్లజెండా?

నల్లజెండా పట్టుకోవడం ఈ చట్టం కింద నేరం కాదు. ముఖ్యమంత్రి కాన్వాయ్‌కి నల్లజెండా చూపిన కేసును 2024లో కేరళ హైకోర్టు కొట్టేసింది. అయితే నిషేధిత మావోయిస్టు పార్టీకి మద్దతుగా చేశారని తేలితే మాత్రం వేరే చట్టాలు వర్తిస్తాయి.

ఏజెన్సీలో ఈ తేడా చాలా ముఖ్యం. టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక మన్యంలో బంద్‌లు, ఆందోళనలు జరిగాయి. బంద్ చేసినా, జీవో కాగితం తగలబెట్టినా అది జెండాను అవమానించడం కాదు.

పాడకపోతే ద్రోహమా?

కాదనే చెప్పింది సుప్రీంకోర్టు. కేరళలో ముగ్గురు పిల్లలు మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదు. గౌరవంగా నిలబడ్డారంతే. అయినా స్కూలు నుంచి పంపేశారు. ఆ పిల్లల వైపే 1986లో తీర్పు రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. ఇక 2004లో నవీన్ జిందాల్ కేసులో.. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మొత్తంగా చూస్తే.. జెండాను కాల్చడానికి మన చట్టం ఒప్పుకోదు, ఆ గీత అక్కడితో ఆగడమే న్యాయం. జెండా కింద నిలబడి రోడ్డు ఎప్పుడేస్తారని అడిగే గిరిజనుడికీ, అసలు వందనానికే రానివాడికీ ఆ సెక్షన్ అంటదు. ఇది పోలీసులూ గుర్తుంచుకోవాలి, ప్రజలూ తెలుసుకోవాలి.