శ్వాసకు ఊతము: నెబ్యులైజరు సురక్షిత వినియోగము

ఉర్దూలో 'దమ్' అనగా శ్వాస. ఆ మాటయే తెలుగున 'దమ్ము'గా మారి ఊపిరికిని, ధైర్యమునకును, తుదకు పొగ త్రాగుటకును గూడ పేరైనది. ఊపిరికి పెట్టిన పేరే ఊపిరిని హరించు అలవాటునకు గూడ చెల్లుట విచిత్రము గదా! వైద్యులు సి.ఓ.పి.డి. అని వ్యవహరించు దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధికి ఆ అలవాటు ప్రధాన కారణము. అయితే కట్టెల పొయ్యి పొగ, పిడకల పొగ, పనిచోటుల దుమ్ము గూడ ఈ వ్యాధిని కలిగించును. అందుచేతనే ఏనాడును బీడీ ముట్టని గృహిణులు గూడ దీని వాత బడుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2021లో ఈ వ్యాధి వలన మరణించినవారు సుమారు 35 లక్షల మంది.

ఈ వ్యాధిలో గాలి గొట్టములు వాచి, కఫముతో ఇరుకగును. గాలిగదుల గోడలు శిథిలమగుటచే పీల్చిన గాలి పూర్తిగా వెలుపలికి రాదు. చెడిన భాగము మరల యథాస్థితికి రాదు గాని, సరియైన మందులతో ఆయాసమును తగ్గించుకొని చాలకాలము జీవింపవచ్చును. ఈ మందులను ఎక్కువమంది చేతిలో ఇమిడెడు ఇన్‌హేలరుతోనే తీసుకొనవచ్చును. చేతులు వణకు వృద్ధులకు, బలముగా గాలి పీల్చలేనివారికి, వ్యాధి తీవ్రమైనపుడును వైద్యులు నెబ్యులైజరును సూచింతురు.

లాటిను భాషలో 'నెబ్యులా' అనగా మంచు, మేఘము. మన 'నభస్సు' ఆ మాటకు జ్ఞాతియే. యంత్రము గాలిని ఒత్తిడితో సన్నని రంధ్రము గుండా పంపగా, కప్పులోని మందు మంచు తుంపరగా మారును. మిల్లీమీటరులో వెయ్యవ వంతు మైక్రాను. 1 నుండి 5 మైక్రానుల బిందువులే ఊపిరితిత్తుల లోతులకు చేరును. పెద్దవి గొంతులోనే నిలిచిపోవును. ఇంటిలో పెద్దలు దీనిని 'ఆవిరి పట్టుట' అనుచుందురు. మేము వైద్యులము కాము, భాషాధ్యాపకులము. అయినను ఈ మాట వలన కలుగు ప్రమాదమును గుర్తించినాము. ఆవిరి ఎన్నిమార్లు పట్టినను ఫరవాలేదనుకొనువారు మందును గూడ అట్లే తలంతురు.

నిజమునకు ఇందు వాడు మందులన్నియు ఒకటి కావు. సాల్‌బ్యుటమాల్ కొద్ది నిమిషములలోనే గొట్టములను విప్పార్చును. ఇప్రాట్రోపియం కొంత నెమ్మదిగా అదే పని చేయును. బుడెసొనైడ్ వాపును తగ్గించు స్టెరాయిడు. అది అప్పటికప్పుడు ఆయాసమును తీర్చదు. ఆయాసము ముదిరినపుడు దీనిని మాత్రమే పెట్టి ఎదురుచూచుట అపాయకరము. ఈ మందుల చిన్న ప్లాస్టిక్ గొట్టములు చూపునకు ఒక్కతీరుగ నుండును. వానిపై అక్షరములు ఇంగ్లీషున, మిక్కిలి చిన్నవిగ నుండును. తాతకో, దాదీకో అవి చదువ శక్యము గాదు. కావున ప్రతిమారును పేరు, మోతాదు, గడువు తేదీ చదివి చూచు బాధ్యత ఆ ఇంటి విద్యార్థిదే.

మందు పెట్టునపుడు రోగి నిటారుగా కూర్చుండవలెను. నోటితో నెమ్మదిగా, లోతుగా శ్వాసించవలెను. సాధారణముగా 10 నిమిషములలో తుంపర తగ్గి కప్పు చిటపటలాడును; అంతట ఆపవచ్చును. పలుచన చేయవలసి వచ్చినచో వైద్యుడు చెప్పిన 0.9 శాతపు శుద్ధ లవణజలమునే కలుపవలెను. మంచినీరు కలుపరాదు, అది గొట్టములను మరింత బిగింపజేయవచ్చును. వైద్యుని ఆజ్ఞ లేనిదే రెండు మందులను ఒకే కప్పులో కలుపరాదు. ఇప్రాట్రోపియం తుంపర కన్నులలో పడినచో నీటికాసుల వ్యాధి గలవారికి కంటిపోటు హెచ్చవచ్చును. అట్టివారికి ముఖతొడుగుకంటె నోటిలో పెట్టుకొను గొట్టమే మేలు. బుడెసొనైడ్ వాడిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను, తొడుగు వాడినచో ముఖము గూడ కడుగవలెను. లేనిచో నోటిలో తెల్లని పూత ఏర్పడవచ్చును.

తడి కప్పులో సూక్ష్మజీవులు పెరిగి, మరుసటి దినము మందుతో పాటు నేరుగా ఊపిరితిత్తులలోనికి పోవును. కావున వాడిన ప్రతిమారును కప్పును, తొడుగును కడిగి, కాచి చల్లార్చిన నీటితో జాలించి, శుభ్రమైన గుడ్డపై ఆరబెట్టవలెను. యంత్రముతో వచ్చిన సూచనల ప్రకారము వానిని క్రిమిరహితము గావింపవలెను; గాలి వడపోత బిళ్లను మార్చవలెను. తాత వాడిన తొడుగును మనుమనికి పెట్టుట తగదు. యంత్రమొకటైనను కప్పు, తొడుగు ఎవరివి వారికే ఉండవలెను.

ఇంటిలో ఆక్సిజను సిలిండరు ఉన్నదని దానిని స్వయముగా నెబ్యులైజరునకు తగిలింపరాదు. ఈ వ్యాధిగ్రస్తులలో కొందరికి ఆక్సిజను మితిమీరినచో రక్తమున బొగ్గుపులుసు వాయువు పేరుకొని మగత కలుగును. వైద్యులు సాధారణముగా ఇట్టివారికి రక్తమున ఆక్సిజను 88 నుండి 92 శాతము మధ్య నుండునట్లు చూతురు.

మోతాదు మించినచో గుండెదడ, చేతుల వణకు కలుగును. నిర్ణయించిన మోతాదు చాలక మాటిమాటికి మందు కావలసి వచ్చుచున్నదన్నచో వ్యాధి ముదురుచున్నదని గ్రహించి, వైద్యుని చూడవలెను. మందు పెట్టినను ఆయాసము తగ్గక, రోగి వాక్యము పూర్తి చేయలేకున్నను, పెదవులు నీలివర్ణమైనను, మగతగా నున్నను యంత్రమును నమ్ముకొని కూర్చుండక వెంటనే 108కు ఫోను చేయవలెను.

ఆసుపత్రిలో ఈ పని నర్సు చేయును. ఇంటిలో నర్సు లేదు. చదువుకొన్న బిడ్డ ఉన్నాడు, ఉన్నది. ఆ బిడ్డ మందు పేరు చదువనీ, కప్పు కడుగనీ, తండ్రి చేతిలోని బీడీని మృదువుగా తీసివేయనీ. కళాశాలలో నేర్చిన అక్షరము ఒక ముసలి ప్రాణమునకు ఊపిరియైనచో, అంతకు మించిన విద్యాఫలము వేరొకటి ఉండబోదని మా విశ్వాసము.