మీకు తెలుసా? లూవ్ర్ పైకప్పుకు ముందే పుట్టిన సూర్యదేవుడు

ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అపోలో గ్యాలరీలోకి అడుగుపెడితే తల దానంతటదే పైకి లేస్తుంది. 1661లో అగ్నిప్రమాదం జరిగాక ఆ గదిని తీర్చిదిద్దే పని చార్లెస్ లె బ్రన్‌కు అప్పగించారు. ఈలోగా రాజు పద్నాలుగో లూయీ మనసు వెర్సాయ్ మీదికి మళ్లింది. పైకప్పు నడిమి భాగం ఖాళీగానే ఉండిపోయింది, ఒకటిన్నర శతాబ్దానికి పైగా!

1850లో ఆ ఖాళీని నింపే బాధ్యత రొమాంటిక్ చిత్రకారుడు యూజీన్ డెలాక్రాకు దక్కింది. 8 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు. అంత పెద్ద బొమ్మను నేరుగా మొదలుపెట్టలేదాయన. ముందు చిన్న కాన్వాసుల మీద తైలవర్ణాలతో నమూనాలు వేసుకున్నాడు. వాటిలో ఒకటి బ్రస్సెల్స్‌లో, మరొకటి ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉన్నాయి.

నమూనాలో ముఖాలూ వేళ్లూ వెతక్కండి. రథం మీద విల్లు పట్టిన సూర్యదేవుడు అపోలో, వెనక పసుపుపచ్చని వెలుగు. కింద మసక చీకట్లో మెలికలు తిరిగే పైథాన్ సర్పం. వెలుగు ఎక్కడ ఆగాలో, చీకటి ఎక్కడ మొదలవాలో అక్కడే తేలిపోయింది. పెద్ద చిత్రంలో శిష్యుడు పియెర్ ఆంద్రియూ కూడా చెయ్యి వేశాడు. గురువు మనసులోని రంగులు అతనికి అందడానికి ఇలాంటి నమూనాలే ఆధారం. పని 1851లో పూర్తయింది.

నాకైతే పైకప్పు కన్నా ఆ చిన్న కాన్వాసే ఎక్కువ ఇష్టం. కుంచె ఉరుకు అందులో ఇంకా పచ్చిగా కనిపిస్తుంది.