కారు ఆర్డరిచ్చారు... ఇప్పుడది ఎక్కడుంది?

అడ్వాన్స్ కట్టారు. రంగు, సీట్లు, చక్రాలు అన్నీ ఎంచుకున్నారు. రసీదు చేతికొచ్చింది, కారు మాత్రం రాలేదు. డీలర్‌కి ఫోన్ చేస్తే 'ప్రాసెస్‌లో ఉంది సార్' అంటాడు. స్పోర్ట్స్ కారు బుక్ చేసుకున్నవాళ్లకు నెలల తరబడి ఇదే పరిస్థితి. ఆఫర్ లెటర్ అందుకుని, జాయినింగ్ డేట్ కోసం రోజుకు పదిసార్లు మెయిల్ చూసుకుంటున్న మీకు ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే ఈ కార్ల కథలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చే విషయాలు రెండున్నాయి.

నంబర్ చెప్పే నిజం

అమెరికాలో షెవర్లే కార్వెట్‌కి ఆర్డర్ ఇచ్చినవాళ్లు డీలర్‌ని 'కారు ఎప్పుడొస్తుంది?' అని అడిగి ఊరుకోరు. 'కోడ్ ఎంత?' అని అడుగుతారు. తయారీ సంస్థ జనరల్ మోటార్స్ ప్రతి ఆర్డర్‌కీ దశను బట్టి ఓ నంబర్ ఇస్తుంది. 1100 అంటే డీలర్ ఆర్డర్ నమోదు చేశాడంతే. కంపెనీ ఆమోదిస్తే 2000. ప్రొడక్షన్ విభాగం తీసుకుంటే 3000. తయారీకి షెడ్యూల్ ఖరారైతే 3300. కారు తయారైతే 3800, బండెక్కి బయల్దేరితే 4200, డీలర్ దగ్గరికి చేరితే 5000. తాళాలు మీ చేతిలో పడ్డాక 6000.

1100 దగ్గర ఆగిన ఆర్డర్‌కి, 3300 దాటిన ఆర్డర్‌కి ఎంతో తేడా ఉంది. డీలర్‌కి కంపెనీ కేటాయించిన కోటా అయిపోతే మొదటి ఆర్డర్ కదలదు. ఎంచుకున్న విడిభాగానికి కొరత ఉన్నా అంతే. ఇద్దరి చేతిలోనూ రసీదు ఉంటుంది. ఇద్దరూ 'బుక్ చేశాం' అనే చెబుతారు.

ఎక్కడ ఆగింది?

ఇంజిన్ మధ్యలో ఉండే కొత్త కార్వెట్‌ని 2019 జులైలో ఆవిష్కరించారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. తయారుచేసేది మాత్రం కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌లోని ఒకే ఒక్క ప్లాంటు. ఆ సెప్టెంబరులో కార్మిక సంఘం సమ్మె మొదలై 40 రోజులు సాగింది. దాంతో ఉత్పత్తి 2020 ఫిబ్రవరికి జరిగింది. నెలన్నర తిరక్కుండానే కొవిడ్‌తో ప్లాంటు మూతపడి, మే నెలాఖరుకు గానీ తెరుచుకోలేదు. 2020 మోడల్ బుక్ చేసిన చాలామంది 2021 మోడల్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత చిప్‌ల కొరత. 2021 డిసెంబరులో టోర్నడో ప్లాంటు పైకప్పును దెబ్బతీసింది. తయారైన కార్లు వందకు పైగా తుక్కు కింద పోయాయి.

గమనించారా? వీటిలో ఒక్కటీ కస్టమర్ తప్పు కాదు. చాలావరకు డీలర్ తప్పూ కాదు.

ఆ ఎదురుచూపే ఒకరికి ఉద్యోగం

మొదటి విషయం ఇది. కొనేవాడికి ఖాళీగా కనిపించే ఆ నెలల్లో ఎంతోమంది పని చేస్తుంటారు. ఏ కారు ఏ వారం లైన్ ఎక్కాలో తేల్చేది ప్రొడక్షన్ ప్లానింగ్ విభాగం. మెకానికల్, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చదివినవారికి ఇక్కడ చోటుంటుంది. విడిభాగాలు వేళకు తెప్పించేది సప్లై చైన్ విభాగం. బీకాం, బీబీఏ వాళ్లు కూడా ప్రయత్నించొచ్చు, కాకపోతే ఎక్సెల్ మీద గట్టి పట్టు ఉండాలి. శాప్ తెలిస్తే అదనపు బలం. కొలతలు, లోపాలు పట్టేది క్వాలిటీ విభాగం. షోరూంకి వచ్చిన బండిని అప్పగించే ముందు నిశితంగా పరీక్షించే పీడీఐ పని డిప్లొమా, ఐటీఐ వాళ్లది.

ఇవన్నీ అమెరికాలోనే అనుకోకండి. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్లున్నాయి. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. అనుభవం లేదని వెనకాడితే నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారికి స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ దొరుకుతుంది. ఇంటర్వ్యూలో 'ఒక్క విడిభాగం రాలేదు, లైన్ ఆగేలా ఉంది, ఏం చేస్తావ్?' లాంటి ప్రశ్న వస్తే తడబడకండి. ఎన్ని గంటల స్టాక్ ఉంది, ఆ భాగం అక్కర్లేని కార్లను ముందుకు జరపొచ్చా, ఇంకో సరఫరాదారు ఉన్నాడా... ఈ వరసలో ఆలోచించి చెప్పండి.

మీ ఆఫర్ కోడ్ ఎంత?

రెండో విషయం మీ గురించే. 'సెలెక్ట్ అయ్యావు' అన్న ఫోన్‌కాల్ 1100 లాంటిది. జీతం, హోదా రాసి ఉన్న ఆఫర్ లెటర్ 2000. సర్టిఫికెట్ల పరిశీలన మొదలైతే 3000. జాయినింగ్ డేట్, ఊరు, రిపోర్ట్ చేయాల్సిన చోటు రాతపూర్వకంగా వస్తే 3300. మొదటి నెల జీతం అకౌంట్‌లో పడినప్పుడే 6000. ఊళ్లో అందరికీ స్వీట్లు పంచింది 1100 దగ్గరే అయినా ఫర్వాలేదు. చేతిలో ఉన్న ఉద్యోగం మానేయడం, ఇంకో ఇంటర్వ్యూ వదులుకోవడం, లోన్ తీసుకోవడం మాత్రం ఆ నంబర్ చూసి నిర్ణయించుకోండి.

హెచ్‌ఆర్‌కి రాసేటప్పుడు 'ఇంకెప్పుడు సార్?' అని కాకుండా 'నా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తయిందా? ఏ బ్యాచ్‌లో ఉన్నాను? నా వైపు నుంచి పత్రాలేమైనా పెండింగ్ ఉన్నాయా?' అని అడగండి. ప్రశ్న సూటిగా ఉంటే జవాబూ సూటిగా వచ్చే అవకాశం ఎక్కువ. రెండు మూడు మెయిల్స్‌కీ 'ప్రాసెస్‌లో ఉంది' అనే వస్తే, మీరింకా మొదటి దశల్లోనే ఉన్నారని లెక్కేసుకుని అప్లికేషన్లు పంపుతూనే ఉండండి. జాయినింగ్ తొందరగా ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

జాయినింగ్ ఆలస్యమైందంటే మీలో లోపముందని కాదు. ప్లాంటు పైకప్పు ఎగిరిపోతే, కారు బుక్ చేసినవాడు తనను తాను తిట్టుకోడు కదా! ఇంట్లోవాళ్లు 'ఏమైందిరా?' అని అడిగితే తల దించుకోకండి. మీ ఆఫర్ ఏ దశలో ఉందో, దాని తర్వాత జరగాల్సిందేమిటో వాళ్లకు వివరంగా చెప్పండి.